ఎడమ ముందు చక్రం

సెకండ్ హ్యాండ్‌లో కారు కొన్న నాలుగో నెలలో, ముందు టైర్లు రెండూ అంచుల దగ్గర అరిగి నున్నగా అయిపోయాయని ఇందుకు తెలిసింది. చెప్పినవాడు మహేందర్. దిల్‌సుఖ్‌నగర్‌లో ఆమె భర్త నరేష్‌కుమార్ పనిచేసే చీరల షాపు వెనక సందులో పంక్చర్ షాపు అతనిది.

"ముందువి వెనక్కి, వెనకవి ముందుకి మార్చాలె అక్కా. గట్ల చేస్తే ఇంకో ఏడాది నడుస్తయి. కానీ ఈ వారం నాకు తీరది. చూస్తున్నవ్ గదా, బండ్లు ఎట్ల నిలబడ్డయో. జాకీ, స్టెప్నీ ఉన్నయి గదా, ఇంటికాడ మీరే మార్చుకోండి. పెద్ద పనేం కాదు. కాకపోతే జర పైలం."

ఇందు చేతిసంచిలోంచి కాగితం తీసి, అతను చెప్పినవన్నీ రాసుకుంది. ఎల్‌బీ నగర్ చౌరస్తా దగ్గర ఒక ల్యాబ్‌లో రోజూ నలభై, యాభై మంది దగ్గర రక్తం తీసే మనిషి ఆమె. ఏ పనికైనా ఒక వరస ఉంటుందని, ఆ వరస తప్పకపోతే ఏ పనీ కష్టం కాదని ఆమె నమ్మకం. చక్రం నేల మీద ఉన్నప్పుడే నట్లు వదులు చెయ్యాలి, బండి లేచాక గుంజకూడదు. లేపని చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టాలి. తీసిన చక్రాన్ని బండి కింద పడుకోబెట్టాలి, జాకీ జారినా బండి దాని మీద ఆగుతుంది.

"ఇంకొకటి అక్కా," అన్నాడు మహేందర్, చేతిలో పని ఆపి. "జాకీ కింద నేల గట్టిగుండాలె. బండి లేపినంక ఎంత అవసరమొచ్చినా కిందికి తల పెట్టొద్దు. చెయ్యి కూడా పెట్టొద్దు. జాకీ మీదున్న బండిని నమ్మొద్దు."

ఆదివారం చీరల షాపుకు సెలవు ఉండదు. నరేష్‌కుమార్ తొమ్మిదింటికే వెళ్లిపోయాడు. పై అంతస్తులో ఉండే ఇంటి ఓనరు అమ్మాజీ కూడా పొద్దున్నే వనస్థలిపురంలో ఉన్న చెల్లెలి ఇంటికి బయల్దేరింది. ఆవిడది తణుకు వైపు. పాతికేళ్ల కిందట భర్తతో వచ్చి, అప్పట్లో ఇంకా పొలాల మధ్య ఉన్న ఈ కాలనీలో ఇల్లు కట్టుకున్నారు. భర్త పోయి ఆరేళ్లయింది. ఇందు వాళ్లు కింద పోర్షన్‌లో కిరాయికి దిగి మూడు నెలలు.

దిగిన రోజే అమ్మాజీ ఒక్క మాట గట్టిగా చెప్పింది. "ఇల్లు ఎలా వాడుకున్నా సరేనమ్మా. ఆ గోడ పక్కన కుండీలున్న చోట మాత్రం బండి పెట్టకండి."

"ఎందుకు ఆంటీ?"

"నా మొక్కలమ్మా. ఎండ సరిగ్గా పడేది అక్కడే."

ఆ మాట ఇందుకు వింతగా అనిపించలేదు. అయితే అక్కడ రోజంతా నీడే ఉండేదన్న సంగతి ఆమె ఇన్నాళ్లూ గమనించలేదు.

ఆ ఆదివారం కుడి వైపు చక్రాలు మార్చడానికి చెయ్యి ఆడే జాగా కావలసి వచ్చింది. ఇందు తొమ్మిది కుండీలనూ ఒక్కొక్కటిగా జరిపి, కారును రెండు మూడు అడుగులు ఎడమకు తెచ్చింది. కుండీలు తీసిన చోట సిమెంటు కొంచెం వేరే రంగులో ఉంది. మిగతా నేల బూడిద రంగు. ఇక్కడ నల్లగా, గుండ్రంగా, నాలుగైదు అడుగుల వెడల్పున మచ్చ. ఏళ్ల తరబడి కుండీల నీళ్లు దిగి అలా అయిందనుకుంది.

కుడి వైపు పని ఆమె అనుకున్నదానికన్నా తేలికగా అయింది. ముందు చక్రం తీసి ఆ చోట స్టెప్నీ పెట్టింది. బండి దించి, వెనక చక్రం తీసి ఆ చోట ముందుది బిగించింది. మళ్లీ ముందుకు వచ్చి, స్టెప్నీ తీసి వెనకది బిగించింది. చేతులకు నల్లటి మసి అంటింది. నడుం పట్టేసింది. అయినా మనసుకు హాయిగా ఉంది. నరేష్‌కుమార్‌కు ఫోటో పెడితే అతను "అబ్బో!" అని జవాబిచ్చాడు.

పదిన్నర దాటాక ఎడమ వైపు ముందు చక్రం దగ్గరికి వచ్చింది. చక్రాలకు రాళ్లు పెట్టింది. నట్లు వదులు చేసింది. జాకీ కింద ఒక చెక్క ముక్క వేసి, కొక్కెం ఉన్న ఇనుప కడ్డీని జాకీకి తగిలించి తిప్పడం మొదలుపెట్టింది.

నాలుగు చుట్లు తిప్పేసరికి ఎవరో మాట్లాడినట్టు వినిపించింది.

"ఇంకొంచెం."

మగ గొంతు. పక్కింటివాళ్ల టీవీ అనుకుంది. మళ్లీ తిప్పింది.

"ఇంకొంచెం."

ఇందు ఆగింది. గొంతూ ఆగింది. వీధిలో పాత ఇనుము కొనేవాడి రికార్డు దూరం నుంచి దగ్గరికి వచ్చి, మళ్లీ దూరమైపోయింది. పక్కింటి తలుపుకు తాళం వేసి ఉంది. ఎవరూ లేరు. ఆమె లేచి గేటు దాకా వెళ్లి వీధి అటూ ఇటూ చూసింది. ఎదురింటి అరుగు మీద పిల్లి ఒకటి కూర్చుని, ఇందును కాక కారు కిందికి చూస్తోంది. దాని తోక లావుగా ఉబ్బి ఉంది.

"ఒట్టి పిచ్చి," అనుకుని తిరిగి వచ్చి కూర్చుంది. కడ్డీ తిప్పింది. ఈసారి అనుమానానికి తావు లేకుండా వినబడింది. గొంతు ఇంటి వైపు నుంచి రాలేదు, వీధి వైపు నుంచీ రాలేదు. కింది నుంచి వచ్చింది. బిందెలో తల పెట్టి మాట్లాడితే ఎలా మోగుతుందో అలా మోగింది. ఒగరుస్తూ, ఆశగా, ఆమె తిప్పే తిప్పుకు సరిగ్గా తగినట్టు.

"ఇంకొంచెం అమ్మా. ఇంకొంచెం."

ఇందు లేచి పరుగెత్తలేదు. ఎందుకు పరుగెత్తలేదో తర్వాత ఎంత ఆలోచించినా ఆమెకు తెలియలేదు. ఆ గొంతులో బెదిరింపు లేదు. ల్యాబ్‌లో సూది చూసి భయపడే పెద్దవాళ్లు, "అయిపోయిందా తల్లీ?" అని అడుగుతారు చూడండి, అలాంటి వేడుకోలు ఉంది. చక్రం అప్పటికే నేలను వదిలి నాలుగు వేళ్లు లేచింది. ఆమె చేతులు వాటంతటవే నట్లు తీశాయి. చక్రం తీసి, మహేందర్ చెప్పినట్టు బండి కింద పడుకోబెట్టాయి.

అప్పుడే ఒక నట్టు దొర్లింది. సాపుగా ఉన్న నేల మీద, ఎవరో దారం కట్టి లాగినట్టు, నిదానంగా కారు కిందికి పోయి నల్ల మచ్చ నడిమధ్యలో ఆగింది. ఇందు మోకాళ్ల మీద వంగి చూసింది. చెక్క ముక్క పక్కన సిమెంటులో వెంట్రుకంత పగులు కనిపించింది. అందులోంచి చల్లటి గాలి ముఖానికి కొట్టింది. మే నెల ఎండలో, పాచి పట్టిన పాత నీళ్ల వాసనతో.

నట్టు చెయ్యి చాపితే అందేంత దూరంలోనే ఉంది. తల కొంచెం లోపలికి పెట్టాలి, అంతే.

కుడి చెయ్యి లోపలికి పోతోంది. ఎడమ చెయ్యి కడ్డీని పట్టుకుని ఉంది. ఆ కడ్డీ ఆమె పిడికిట్లో కదిలింది. పక్కకు తిరగలేదు. కిందికి, ఒక్క గుంజు. మళ్లీ ఒకటి. మళ్లీ ఒకటి. గట్టిగా, లెక్కగా, మూడు సార్లు. ఆ వెనకే గొంతు మారింది. వేడుకోలు పోయి, కసురుకున్నట్టు వచ్చింది.

"ఇగ వదులు!"

ఇందు చెయ్యి వెనక్కి తీసుకుంది. అదే క్షణంలో గేటు దగ్గర ఏదో పడ్డ చప్పుడు. అమ్మాజీ. చెల్లెలు ఇంట్లో లేకపోవడంతో సగం పొద్దుకే తిరిగి వచ్చింది. చేతి సంచి జారి, మామిడికాయలు ఒక్కొక్కటిగా వాకిట్లోకి దొర్లుతున్నాయి. ఆవిడ వాటిని చూడటం లేదు. జరిపిన కుండీలను చూస్తోంది.

"లే! లేమ్మా అక్కణ్నించి!"

డెబ్బై ఏళ్ల మనిషి ఎలా అంత వేగంగా వచ్చిందో, ఇందు జబ్బ పట్టుకుని మెట్ల దాకా ఈడ్చుకుపోయింది. ఇద్దరూ మొదటి మెట్టు మీద పడ్డారు. వెనక నుంచి ఎండు కొమ్మ విరిగినట్టు చిన్న చప్పుడు, దాని వెంట పెద్ద చప్పుడు. నల్ల మచ్చ మొత్తం లోపలికి కుంగిపోయింది. జాకీ, చెక్క, బండి కింద పడుకోబెట్టిన చక్రం, అన్నీ కనబడకుండా పోయాయి. కారు ముక్కు కిందికి వాలి, పొట్ట అంచుకు తగులుకుని ఆగింది. చాలాసేపటికి, అంటే అలాంటి వేళలో చాలాసేపనిపించేంత సేపటికి, ఎక్కడో లోతున నీళ్లు చప్పుడు చేశాయి.

ఆ తర్వాత ఏమీ వినబడలేదు. ఇందు ఫోన్‌లో టైము చూసింది. ల్యాబ్ అలవాటు. పదకొండూ అయిదు.

"అది ఏంది ఆంటీ?"

"బావి." అమ్మాజీ పెదవులు తెల్లగా ఉన్నాయి. "పూడ్చలేదు. కడప రాళ్లు పరిచి, పైన సిమెంటు పోయించారాయన. పూడ్చడానికి కూలీలెవరూ రామన్నారు."

"ఎందుకు రామన్నరు?"

ఆవిడ ఇందు చేతుల వైపు చూస్తూ, తనే ఒక మాట అడిగింది. "నీకేవన్నా తెలిసిందా? తాడు... అదే, నీ చేతిలోది ఏదన్నా కదిలిందా?"

"కదిలింది. మూడుసార్లు గుంజింది."

అమ్మాజీ కొంగు నోట్లో కుక్కుకుంది.

సాయంత్రం నరేష్‌కుమార్, మహేందర్ క్రేను తెప్పించి కారును వెనక్కి లాగించారు. బావి చుట్టూ తాళ్లు కట్టారు. మహేందర్ వంగి లోపలికి చూసి వెనక్కి జరిగాడు. ఇందును పక్కకు పిలిచి, "తల పెట్టినవా అక్కా కిందికి?" అని అడిగాడు. లేదంటే, "బతికినవ్," అన్నాడు.

అమ్మాజీ మాత్రం మూడు రోజులు కిందికి దిగలేదు. నాలుగో రోజు ఇందు డ్యూటీ నుంచి వచ్చేసరికి మెట్ల మీద కూర్చుని ఉంది. ఏమీ అడగకుండానే చెప్పడం మొదలుపెట్టింది.

ఇరవై మూడేళ్ల కిందట ఎండాకాలం. బావిలో మోటారు చెడిపోయింది. అబ్దుల్లాపూర్‌మెట్ నుంచి సామ్యేలు అని ఒకతను వచ్చాడు. బావుల్లో దిగే పని అతనిది. నడుముకు తాడు కట్టుకుని దిగాడు. ఏదో బోల్టు కావాలంటే అమ్మాజీ భర్త, సామ్యేలుతో వచ్చిన ఇంకో కూలీ కలిసి చౌరస్తాకు వెళ్లారు. తాడు అమ్మాజీ చేతిలో పెట్టారు. మూడుసార్లు లాగితే పైకి గుంజమని అర్థం, అప్పుడు పక్కవాళ్లను కేకేసి పిలువు అని చెప్పారు.

"లాగాడు," అంది అమ్మాజీ. "మూడుసార్లు. నేను కేకేశాను. అప్పట్లో ఇక్కడ ఇళ్లేవీ? ఎవరూ రాలేదు. నేనే గుంజాను. గిలక ఉంది కాబట్టి కొంత దూరం వచ్చాడు. అతనూ రాళ్లు పట్టుకుని పైకి పాకుతున్నాడు. లోపల గాలి ఆడటం లేదు కాబోలు, ఒగరుస్తున్నాడు. తల కనబడింది నాకు. పైకి చూస్తున్నాడు. 'ఇంకొంచెం అమ్మా, ఇంకొంచెం' అంటున్నాడు."

ఇందు ఆ మాట గురించి అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. నరేష్‌కుమార్‌కు కూడా.

"నా చేతులు చీరుకుపోయాయి. తాడు నన్నే లోపలికి ఈడుస్తోంది. గట్టు మీద నా కాలు జారింది. అతను చూశాడది. అప్పుడన్నాడు, 'ఇగ వదులు' అని. వదిలేశాను." ఆవిడ అరచేతులు చాపి చూసుకుంది. "అతను వదలమన్నాడు కాబట్టి వదిలానో, అనకముందే వదిలేశానో నాకు తెలీదమ్మా. ఇన్నేళ్లూ అదే అడుక్కుంటున్నాను. ఫైరింజను వచ్చి పొద్దుగూకే వేళకి తీశారు. పోలీసులు అడిగితే తాడు అసలు కదల్లేదని చెప్పాను. ఆయనక్కూడా అదే చెప్పాను. లోపల గాలికి చచ్చిపోయాడని రాసుకున్నారు."

"ఆయనకు ఇంటోళ్లు?"

"భార్య ఉంది. కాంతమ్మ. ఆమె ఇల్లు నాకు తెలుసు. ఇన్నేళ్లలో రెండుసార్లు ఆ సందు మొగదాకా వెళ్లి తిరిగొచ్చేశాను."

ఇందుకు ముసలావిడ మీద కోపం వచ్చింది. కడ్డీ పట్టుకున్న తన ఎడమ చెయ్యి వైపు చూసుకునేసరికి ఆ కోపం నిలబడలేదు.

"ఆదివారం పోదాం ఆంటీ. ఈసారి సందు లోపలికి పోదాం."

కారుకు కొత్త చక్రం మహేందర్ వేశాడు. ఆదివారం మధ్యాహ్నం ఇద్దరూ విజయవాడ రోడ్డు మీద బయల్దేరారు. హయత్‌నగర్ దాటేదాకా అమ్మాజీ కిటికీ వైపే తిరిగి కూర్చుంది. అబ్దుల్లాపూర్‌మెట్‌లో హైవే దిగి, చిన్న చర్చి దాటితే సందు. రేకుల కప్పు ఉన్న రెండు గదుల ఇల్లు. తలుపు తీసినామెకు అరవై దాటి ఉంటాయి. బక్కపలచగా ఉంది. స్కూల్లో ఆయా పని. చర్చి నుంచి వచ్చి ఇంకా తెల్లచీర మార్చుకోలేదు.

గడప ఇవతలే నిలబడి అమ్మాజీ అంతా చెప్పింది. వరస తప్పకుండా, ఏదీ దాచకుండా. కాంతమ్మ తలుపు రెక్క పట్టుకుని విన్నది. ఏడవలేదు. 'ఇగ వదులు' అన్న మాట దగ్గర మాత్రం తల ఒక్కసారి ఊపింది. అది ఎవరి మాటో తనకు తెలుసన్నట్టు.

"బావి పగిలింది ఎప్పుడన్నవ్?"

"పోయిన ఆదివారం," అంది ఇందు. "పదకొండింటికి. అయిదు నిమిషాలు ఎక్కువ."

కాంతమ్మ వాళ్లిద్దరినీ మార్చి మార్చి చూసింది. తర్వాత తలుపు పూర్తిగా తెరిచి పక్కకు జరిగింది.

"ఆ పొద్దు నేను చర్చిల ఉన్న. పన్నెండింటికి ఒచ్చిన. తాళం ఏసింది ఏసినట్టే ఉంది. ఇంట్లకొచ్చి చూస్తే గిట్ల."

గచ్చు నేల మీద అడుగులున్నాయి. గడప దగ్గర మొదలై, గది మధ్యగా నడిచి, మూలనున్న మంచం దాకా. తడి అడుగులు. వారం రోజులైంది. బయట రోళ్లు పగిలే ఎండ. రేకుల కింద గది పొయ్యిలా ఉంది. అయినా అవి ఇప్పుడే బావిలోంచి లేచి వచ్చినవాడు నడిచినట్టు మెరుస్తున్నాయి.

"తుడిచిన. మల్ల ఒచ్చినయి. ఇగ తుడవలే." కాంతమ్మ చీర కుచ్చిళ్లు పట్టుకుని ఆ అడుగులను తొక్కకుండా చుట్టూ తిరిగి వచ్చింది. ఎడమ పాదం గుర్తు దగ్గర వంగి వేలు చూపించింది. "బొటనేలు లేదు చూడు. పెండ్లికి ముందు బండరాయి పడి పోయింది. ఆయన పోయినప్పుడు పోలీసోళ్లు శవాన్ని మొఖం మీద గుడ్డ కప్పి ఇచ్చిన్రు. ఉబ్బింది, చూడొద్దన్నరు. నేను చూడలే. ఆయనో కాదో అని ఇన్నేండ్లు..."

ఇందు కూర్చుని, రెండు వేళ్లతో తాకి చూసింది. చల్లగా, జిగురుగా ఉంది. వేళ్లు వాసన చూసింది. పాచి వాసన. అడుగులన్నీ లోపలికే ఉన్నాయి.

అమ్మాజీ గడప దగ్గర నేల మీద కూలబడింది. చేతులు జోడించి ఏదో అనబోయింది. కాంతమ్మ ఆపింది.

"మాఫీ అడగకు. నేనిచ్చేది కాదది. ఒచ్చినవ్, చెప్పినవ్. ఇగ పో." ఆ మాట అన్నాక లోపలికి వెళ్లి, చెంబుతో నీళ్లు తెచ్చి, అమ్మాజీ చేతికివ్వకుండా గడప పక్కన పెట్టింది. అమ్మాజీ తాగింది.

ఆ వారంలోనే బావి పూడ్చారు. పదకొండు ట్రాక్టర్ల మట్టి పట్టింది. పైన సిమెంటు వెయ్యలేదు. నరేష్‌కుమార్‌కు ఆ ఇంట్లో నిద్ర పట్టడం లేదు. జూన్‌లో దిల్‌సుఖ్‌నగర్‌లో రెండో అంతస్తులో ఇల్లు చూసుకుని మారిపోయారు. సామాన్లు వేసే రోజు అమ్మాజీ ఇందు చెయ్యి పట్టుకుంది. ఆవిడ అరచెయ్యి గరుకుగా, అడ్డంగా పాత మచ్చతో ఉంది.

కాంతమ్మ నుంచి ఒక్కసారే ఫోన్ వచ్చింది. ఇందు ల్యాబ్‌లో ఉంది. ఎదురుగా ఒక పెద్దాయన చొక్కా చెయ్యి మడుచుకుని కూర్చున్నాడు.

"నిన్న ఆరినయి బిడ్డా," అంది కాంతమ్మ. "పొద్దున లేసేసరికి ఏం లేవు."

"మంచిదమ్మ. మీరు బాగున్నరా?"

"బాగున్న. ఆయన పోయిన కాడ్నించి రాత్రిపూట తలుపు ఊరికె దగ్గరికేసి పండుకునేదాన్ని. ఎన్నడన్నా ఒస్తడేమోనని. రాత్రి గొళ్లెం పెట్టుకున్న."

ఫోన్ పెట్టేశాక ఇందు సూది తీసింది. పెద్దాయన కళ్లు గట్టిగా మూసుకుని ఉన్నాడు. ఆయన ముంజేతి మీద చెయ్యి వేసి, "భయపడకండి, నేను పట్టుకున్న," అంది.